ఒక్క రోజు శిక్షణ: పొద్దున మెలకువ, మధ్యాహ్నం కునుకు

పిల్లలపై వేధింపుల ఆనవాళ్లు గుర్తుపట్టడం నేర్పిస్తామంటే, మా బడివాళ్లు టీచర్లను, ఆయాలను, వ్యాను డ్రైవర్లను అందరినీ పంపారు. అనంతపురంలో సప్తగిరి సర్కిల్ దగ్గర అద్దె హాలు. తలకు 400 రూపాయలు, భోజనం అందులోనే. చిత్రాన్నం బాగుంది.

శిక్షకురాలు బోర్డు మీద పిల్లాడి బొమ్మ గీసి, ఆటలో పడితే దెబ్బ ఎక్కడ తగులుతుందని అడిగారు. మోకాలు, మోచేయి, నుదురు అన్నాం. ‘మరి చెవి వెనక? వీపు మీద? తొడ లోపల?’ అన్నారు. ఇరవై ఏళ్లుగా తెలుగు చెబుతున్నాను, ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. ఒక్క ఆనవాలు రుజువు కాదు, కానీ తేదీతో రాసిపెట్టుకోవాలన్నారు. బిడ్డ నోరు విప్పితే గుచ్చి గుచ్చి అడగకూడదు, ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వకూడదు, బిడ్డ అన్న మాటలను అన్నట్టే రాయాలి. ఈ మూడింటి కోసమైనా డబ్బు దండగ కాలేదు.

వెనక వరుసలోంచి మా ఆయా లేచింది. ‘ఒంటిపూట బడి పెట్టినా పొడుగు చేతుల చొక్కా విప్పని పిల్లను కూడా చూడాలా మేడం?’ టీచర్లం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఆ పిల్ల సంగతి ఇక్కడ రాయను.

భోజనం తర్వాత అంతా ఇంగ్లీషు స్లైడ్లు, పైకి చదవడమే. డ్రైవర్లు టీకి వెళ్లి మళ్లీ రాలేదు. అసలు ప్రశ్నకు మిగిలింది చివరి పది నిమిషాలే: అనుమానం మన సిబ్బంది మీదే అయితే? ‘హెడ్మాస్టరుకు చెప్పండి’ అని తేల్చేశారు. అక్కడ నాకు ఒళ్లు మండింది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, లైంగిక నేరమని తెలిసినా, జరగవచ్చని అనుమానం కలిగినా పోలీసులకు చెప్పాల్సిన బాధ్యత ప్రతి ఒక్కరిదీ. హెడ్మాస్టరు చెవిన వేస్తే తీరిపోయేది కాదు. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిన సంస్థ బాధ్యులకైతే ఏడాది వరకు. నేను లేచి ఇది చెబితే, ‘సమయం అయిపోయింది’ అని సర్టిఫికెట్లు పంచారు. పిల్లల సహాయవాణి 1098 నంబరు కూడా మేము అడిగాకే బోర్డెక్కింది.

మీ బడికి పిలిపించుకునేటట్టయితే పూటకే మాట్లాడుకోండి, అదీ తెలుగులో. ఆయాలను ముందు వరుసలో కూర్చోబెట్టండి.