ప్రెజ్‌మెర్‌ చూడాలా, బియెర్తాన్‌ చూడాలా?

రొమేనియాలోని ట్రాన్సిల్వేనియాలో సాక్సన్ (జర్మన్ మూలాలున్న) గ్రామస్థులు కోటలుగా మలచుకున్న చర్చిలలో ఒక్కదానికే సమయం ఉన్నవారికి ఈ సందేహం సహజం.

ప్రయాణం: ప్రెజ్‌మెర్ బ్రాషోవ్ నగరానికి చేరువలో ఉంది. బియెర్తాన్ సిగిషోవారా, మెదియాష్ పట్టణాల నడుమ కొండల్లో ఉన్నందున ఖర్చూ, శ్రమా ఎక్కువ.

రక్షణ: ప్రెజ్‌మెర్‌లో సుమారు 12 మీటర్ల ఎత్తైన ప్రాకారానికి లోపలివైపున, ముట్టడి వేళ కుటుంబాలు తలదాచుకొని ధాన్యం భద్రపరచుకొనేందుకు కట్టిన 270కి పైగా గదులు అంతస్తులుగా నిలిచి ఉన్నాయి, ఒక ఊరంతా భయాన్ని ఎలా పంచుకొని తట్టుకొందో ఇంత స్పష్టంగా చెప్పే కట్టడం అరుదు. బియెర్తాన్ మూడు వరుసల గోడలను నమ్ముకుంది.

హోదా: 1572 నుంచి 1867 వరకు బియెర్తాన్ లూథరన్ (ఒక ప్రొటెస్టంట్ క్రైస్తవ శాఖ) బిషప్ పీఠం. దాని పూజాసామగ్రి గది తలుపుకున్న తాళం ఒక్కసారి తిప్పితే పలు గడియలు పడతాయి.

గ్రామీణుల జీవితం తెలుసుకోగోరేవారికి, సమయం తక్కువైనవారికి ప్రెజ్‌మెర్ తగినది. చర్చి అధికార చరిత్ర, పనితనం ముఖ్యమనుకొనేవారు బియెర్తాన్‌కు వెళ్లాలి.