ఎడ్ షీరన్ వార్తల కోసం వాడుతున్న తెలుగు న్యూస్ యాప్ రివ్యూ: స్పీడ్ బానే ఉంది, పాట గురించే ఏం ఉండట్లేదు

యాప్ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇది ఒక్క యాప్‌కి ఉన్న జబ్బు కాదు, మీ ఫోన్‌లో ఉన్నదాంట్లో కూడా చాలావరకు ఇదే కనిపిస్తది. ఇందులో ఒక ఫాలో బటన్ ఉంటది, మనకి నచ్చిన సెలబ్రిటీ పేరు కొట్టి అది నొక్కితే వాళ్ళ మీద వచ్చే వార్తలన్నీ తెలుగులో నోటిఫికేషన్లుగా వస్తాయి. నేను ఇంగ్లండ్ సింగర్ ఎడ్ షీరన్‌ని పెట్టుకున్నా, 2025 ఫిబ్రవరి 2న రామోజీ ఫిల్మ్ సిటీలో షో ఉందని తెలిసినప్పట్నుంచి. అప్పట్నుంచి వాడుతున్నా కాబట్టి నమ్మకంగానే చెప్తున్నా.

ముందు మంచి చెప్తా. షో ముందు వారం ఈ యాప్ నిజంగా పనికొచ్చింది. పుణె జనవరి 30, మనది ఫిబ్రవరి 2, చెన్నై 5, బెంగళూరు 8, 9, షిల్లాంగ్ 12, చివర్లో 15న ఢిల్లీ వైపు, ఇలా టూర్ మొత్తం ఒకే పేజీలో పెట్టారు. ఇంకా బాగున్నది ఏంటంటే ఫిల్మ్ సిటీకి ఎట్లా పోవాలో లోకల్ మనిషి చెప్పినట్టు రాశారు, మెట్రో ఎల్బీ నగర్ దాకానే ఉంటది, అక్కడ్నుంచి హయత్ నగర్ మీదుగా విజయవాడ హైవేలో పోవాలి, గచ్చిబౌలి సైడ్ వాళ్ళు ఓఆర్‌ఆర్ ఎక్కి పెద్ద అంబర్‌పేట్ దగ్గర దిగితే సరిపోతది అని. సింగర్ మీద ఇంగ్లిష్‌లో వంద వార్తలు దొరుకుతాయి గానీ ఈ ముక్క మనకి తెలుగులో చెప్పేవాళ్ళే కావాలి.

అదే వారం లూప్ పెడల్ మీద ఒక ఆర్టికల్ వేశారు, నేను ఈ యాప్‌లో చదివిన వాటిల్లో బెస్ట్ అదే. స్టేజి మీద ఒక్కడే ఎందుకు నిలబడతాడు, మరి అంత సౌండ్ ఎక్కడ్నుంచి వస్తుందో అందులో అర్థమైంది. గిటార్ చెక్క మీద చేత్తో కొడతాడు, కాలితో పెడల్ నొక్కుతాడు, ఆ దెబ్బ తిరిగి తిరిగి మోగుతూనే ఉంటది, దాని మీద కార్డ్స్ (గిటార్ మీద కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం) వాయించి మళ్ళీ నొక్కుతాడు, దాని మీద తన గొంతు, ఆ గొంతు మీద ఇంకో గొంతు, పాట అయిపోయాక అదంతా పోతది, తర్వాతి పాటకి మళ్ళీ మొదట్నుంచి కట్టుకోవాలి. ఇది చదివి షోకి వెళ్తే కళ్ళు ఆయన మొహం మీద కాదు, కాళ్ళ మీదే ఉంటాయి! రాసినవాళ్ళ పేరు వెయ్యలేదు, ఎవరో గానీ వాళ్ళకి థాంక్స్.

ఆ వారం దాటాక కథ మారిపోయింది. ఫిబ్రవరి 9న బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో ఫుట్‌పాత్ మీద పాడుతుంటే పోలీసాయన వచ్చి మైక్ వైర్ పీకేశాడు కదా, దాని మీద పొద్దున్నుంచి రాత్రి దాకా నోటిఫికేషన్లే. వార్తే, కాదనను. కానీ ఆ వీకెండే బెంగళూరు స్టేజి మీద శిల్పా రావుతో కలిసి మన 'చుట్టమల్లే' తెలుగులో పాడాడు, అది మాత్రం ఒక్క వీడియో లింక్‌తో సరిపెట్టారు. తెలుగు యాప్ అయ్యుండి, ఇంగ్లండ్‌లో సఫోక్ కుర్రాడు మన భాషలో పాడితే, పాట రాసిన రామజోగయ్య శాస్త్రి గారి పేరు గానీ, ట్యూన్ కట్టిన అనిరుధ్ పేరు గానీ ఎక్కడా లేకపోవడం నాకు అస్సలు మింగుడు పడలేదు. అంతకు ముందు చెన్నైలో రెహమాన్ స్టేజి మీదకి వచ్చి 'ఊర్వశి'ని, 'షేప్ ఆఫ్ యూ'ని కలిపినప్పుడు కూడా ఇదే వరస, ఫొటో పెట్టారు, రెండూ ఎట్లా కలిశాయో ఒక్క లైన్ లేదు.

అవార్డుల సంగతి ఇంకా అన్యాయం. ఎప్పుడు చూసినా "గ్రామీ విన్నర్" అని రాస్తారు, దేనికి వచ్చిందో రాయరు. ఆయనకి 4 గ్రామీలు ఉన్నాయి, 2016లో రెండు, 2018లో రెండు. 2016లో వచ్చిన వాటిల్లో ఒకటి 'థింకింగ్ అవుట్ లౌడ్'కి సాంగ్ ఆఫ్ ది ఇయర్, అది పాట రాసినవాళ్ళకి ఇచ్చే అవార్డు, అందుకే ఆయనతో కలిసి రాసిన ఎమీ వాడ్జ్‌కి కూడా వచ్చింది. ఇది మన జనానికి అర్థం కాని విషయమేం కాదు, 2023లో 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చినప్పుడు స్టేజి మీద పాడింది రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ, అవార్డు అందుకుంది కీరవాణి గారు, చంద్రబోస్ గారు. అంత దగ్గరి ఉదాహరణ చేతిలో ఉంటే ఒక్క పేరాలో చెప్పెయ్యొచ్చు కదండీ.

నాకు బాగా కోపం తెప్పించింది మాత్రం "సంగీతానికి షీరన్ గుడ్‌బై?" అని వచ్చిన అలర్ట్. గుండె ఆగినంత పనైంది, ఓపెన్ చేస్తే అది 2023లో న్యూయార్క్‌లో 'థింకింగ్ అవుట్ లౌడ్' కాపీ అని వేసిన కేసు నడుస్తున్నప్పటి మాట, ఓడిపోతే మానేస్తానన్నాడు, మే 4న జ్యూరీ ఆయన పక్కనే తీర్పిచ్చింది, అక్కడితో అయిపోయింది. పాత మాటకి కొత్త డేట్ వేసి పంపడం మోసం, ఇంకో పేరు లేదు దీనికి. నిజానికి ఆ కేసులో ఎంత విషయం ఉంది! కోర్టులోనే గిటార్ పట్టుకుని వాయించి చూపించాడు, ఈ కార్డ్స్ వరస అందరి సొత్తు, ఎన్నో పాటల్లో ఉందని. మోహన రాగంలో ఇద్దరు ట్యూన్ కడితే రెండోవాడు దొంగ అవుతాడా? అంతకు ముందు 2022లో లండన్‌లో ఇంకో కాపీ కేసు గెలిచినప్పుడు, పాట రాసుకునే సెషన్లన్నీ వీడియో తీయించుకుంటున్నానని చెప్పాడు. రాసుకునే మనిషికి ఎంత భయం పట్టుకుందో ఆ ఒక్క ముక్క చెప్తది, యాప్‌లో అదే లేదు.

బెంగాల్‌లో జియాగంజ్ అనే ఊళ్ళో సింగర్ అరిజిత్ సింగ్ స్కూటర్ వెనక షీరన్ కూర్చున్న ఫొటోలు రోజుల తరబడి తిప్పారు, జూన్‌లో ఇద్దరూ కలిసి పాడిన 'సఫైర్' వచ్చినప్పుడు రెండు లైన్లు, సెప్టెంబర్ 12న 'ప్లే' ఆల్బమ్ వచ్చినప్పుడు పాటల లిస్ట్ కూడా లేదు.

మిగతావి చిన్నవి. యాడ్స్ ఎక్కువ, డబ్బులు కడితే పోతాయి, నేను కట్టా, పోయాయి. ఫాంట్ బాగుంది, అమ్మ కూడా కళ్ళజోడు లేకుండా చదువుతుంది.

ఐదుకి రెండున్నర ఇస్తున్నా, ఆ లూప్ పెడల్ ఆర్టికల్ లేకపోతే రెండే. సిటీలో షో ఏదైనా ఉంటే ఆ నెలకి పెట్టుకోండి, చాలా ఉపయోగం. రోజూ ఫాలో అయ్యేవాళ్ళయితే సెట్టింగ్స్‌లోకి పోయి గాసిప్ అలర్ట్స్ ఆపెయ్యండి, కాన్సర్ట్స్, కొత్త పాటలు ఈ రెండే ఆన్‌లో ఉంచండి. యాప్ టీమ్ ఇది చదివితే నేను అడిగేది ఒక్కటే, పాట మీద వార్త వేసినప్పుడల్లా కింద రాసిందెవరు, ట్యూన్ కట్టిందెవరు, ఏ సంవత్సరం అనేది పెట్టండి, పాత వార్తయితే పాత డేటే ఉంచండి.