మొక్కల బాటిల్ నీళ్ళంటూ అమ్ముతున్నారు, డబ్బు కట్టేముందు ఇది చదవండి

పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ "కంపోస్టబుల్ వాటర్ బాటిళ్ళు" ఆర్డర్ ఇవ్వబోతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మొక్కల సరుకుతో చేశాం, వాడాక మట్టిలో కలిసి ఎరువైపోతాయి అని చెప్పి అమ్మే బాటిళ్ళివి. అసలు విషయం ముందే చెప్పేస్తా. మాకు శాంపిల్‌గా చూపించిన బాటిల్ ఒకటి, లోడులో దింపినవాటిలో దాదాపు సగం ఇంకొకటి. శాంపిల్‌లాంటి సగమేమో ఎండవేడికి మెత్తబడి వంకర్లు తిరిగిపోయింది. వంకర తిరగకుండా నిలబడ్డ సగం మామూలు ప్లాస్టిక్. బిల్లు మాత్రం మొత్తానికీ మొక్కల రేటే. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. అయినా అలాంటి లేబుల్ ఎవరు అంటించినా మీరు అడగాల్సినవి ఇవే.

మా అక్క కూతురి పెళ్ళి, విజయవాడ పక్కన కల్యాణ మండపంలో, మంచి ఎండల్లో. ప్లాస్టిక్ కనపడకూడదని అమ్మాయి పట్టుదల. అరిటాకుల్లో భోజనాలు, పంక్తిలో స్టీలు గ్లాసులు, అంతవరకూ ఏ ఇబ్బందీ లేదు. కానీ పందిట్లో కూర్చునేవాళ్ళకీ, బస్సులో దిగే మగపెళ్ళివారికీ చేతికి బాటిల్ ఇవ్వకపోతే ఎలా అని బావ టెన్షన్. మర్యాదల దగ్గర మాట పడకూడదని ఆయన బాధ. అప్పుడే క్యాటరింగ్ వాళ్ళ ద్వారా ఈ సప్లయర్ వచ్చాడు. అరలీటరు బాటిల్, పారదర్శకంగా, చూడ్డానికి బాగుంది. ధర మామూలు అరలీటరు బాటిల్‌కి మూడింతలకు దగ్గర.

అతను అమ్మిన తీరు చెప్పాలి, ఎందుకంటే మీ దగ్గరికొచ్చినా ఇదే చేస్తారు. ఖాళీ బాటిల్‌లో మరుగుతున్న నీళ్ళు పోశాడు. అది ముడుచుకుపోయింది. "చూశారా అండీ, మొక్కజొన్న సరుకు కాబట్టి కరిగిపోతోంది. ప్లాస్టిక్ అయితే ఇలా అవుతుందా?" అన్నాడు. భేషుగ్గా అవుతుంది. మనం రోజూ కొనే పెట్ అనే ప్లాస్టిక్ బాటిల్‌లో మరుగుతున్న నీళ్ళు పోసినా అలాగే ముడుచుకుంటుంది. దానికి 70 డిగ్రీలు దాటితే మెత్తదనం వచ్చేస్తుంది, మరిగే నీళ్ళు 100 డిగ్రీలు. కాబట్టి ఆ డెమోతో ఏదీ రుజువు కాదు.

రెండో మాట, "2022 నుంచి ప్లాస్టిక్ వాటర్ బాటిళ్ళు బ్యాన్, మండపం వాళ్ళకి ఫైన్ పడుతుంది". ఇదీ అబద్ధమే. 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించిన ఒకసారి వాడి పారేసే వస్తువుల్లో ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు, స్ట్రాలు, ఇయర్‌బడ్ పుల్లలు, థర్మోకోల్ అలంకరణలు ఉన్నాయి కానీ నీళ్ళ బాటిల్ లేదు. కొన్నిచోట్ల విడిగా నిషేధాలున్నాయి. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ బాటిళ్ళు అమ్మరు, గాజు బాటిళ్ళలో ఇస్తారు. సిక్కిం 2022 జనవరి నుంచే ప్యాకేజ్డ్ నీళ్ళ బాటిళ్ళు ఆపేసింది. మీ ఊళ్ళో రూలేమిటో మున్సిపాలిటీలో అడగండి, అమ్మేవాడి నోటి మాట మీద భయపడకండి.

పెళ్ళికి ముందురోజు సాయంత్రం రావలసిన లోడు, ఆ రోజు మధ్యాహ్నమే ట్రాలీ ఆటోలో, పైన టార్పాలిన్ కప్పి వచ్చింది. మండపం వాళ్ళు వెనక ఉన్న రేకుల షెడ్డులో దింపించారు. అందరి సామాన్లూ అక్కడే పెడతారు, పాపం వాళ్ళ తప్పేం లేదు. అట్టపెట్టెలు ఒకదాని మీద ఒకటి వరసగా పేర్చారు. మర్నాడు తెల్లవారుజామున పెట్టెలు విప్పిన కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. కింది వరసల్లో బాటిళ్ళు వడలిన సొరకాయల్లా నడుం వంగి ఉన్నాయి. కొన్నింటి మెడ దగ్గర వంపు తిరిగి మూత సీలు వదులైంది, నీళ్ళు కారి అట్టలు నానిపోయాయి. అడుగు ఉబ్బి నిలబెడితే పడిపోయేవి మరికొన్ని. మూత వదులైన నీళ్ళు ఎవరికీ ఇవ్వకూడదని అక్కడికక్కడే పక్కన పెట్టించాం. బావ మొహం చూడలేకపోయాం. ఫోన్లు చేసి మామూలు బాటిళ్ళూ 20 లీటర్ల నీళ్ళ టిన్నులూ తెప్పించాం. ముహూర్తం టైముకి ఎలాగో గండం గడిచింది.

ఇందులో వింత ఏమీ లేదని తర్వాత తెలిసింది. ఈ బాటిళ్ళు చేసే పదార్థం పీఎల్‌ఏ. మొక్కజొన్న పిండిపదార్థం నుంచో చెరకు చక్కెర నుంచో లాక్టిక్ ఆసిడ్ తీసి, దాన్ని గొలుసులా అతికించి చేస్తారు. అది 55, 60 డిగ్రీల దగ్గరే గట్టిదనం వదిలేస్తుంది. మే నెలలో మన రేకుల షెడ్డు, టార్పాలిన్ కప్పిన ఆటో, ఎండలో ఆపిన కారు డిక్కీ, వీటిలో వేడి ఎంతుంటుందో వేరే చెప్పాలా? పైన బరువు కూడా పడితే అంతే సంగతులు. పైగా పీఎల్‌ఏ గోడ గుండా నీటి ఆవిరి పెట్ కంటే ఎక్కువగా బయటికి పోతుంది, అందువల్ల నెలల తరబడి నిల్వ పెడితే బాటిల్లో మట్టం తగ్గుతుంది. చల్లటి దేశాల్లో, ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా అమ్మేచోట చెల్లుబాటవుతుందేమో కానీ మన వేసవి పెళ్ళిళ్ళకి ఇది తగిన సరుకు కాదని నా అభిప్రాయం.

ఇక నిలబడ్డ సగం సంగతి. పెళ్ళయ్యాక మిగిలిన పెట్టెలు సర్దుతుంటే అక్క కొడుకు బాటిల్ తిప్పి అడుగు చూశాడు. వంగినవాటి అడుగున త్రికోణంలో 7 ఉంది. చక్కగా నిలబడ్డవాటి అడుగున 1. లేబుల్ మాత్రం రెండింటికీ ఒకటే, ఆకుపచ్చ ఆకు బొమ్మ, "100% కంపోస్టబుల్". త్రికోణంలో 1 అంటే పెట్, అంటే మామూలు వాటర్ బాటిల్ ప్లాస్టిక్. 7 అంటే "ఇతర రకాలు", అందులో పీఎల్‌ఏ ఉంటుంది, ఇంకా వేరేవీ ఉంటాయి. కాబట్టి 7 కనిపించగానే నమ్మేయనక్కర్లేదు, కానీ 1 కనిపిస్తే మాత్రం అది మట్టిలో కలిసే బాటిల్ కాదు. "మా పెట్ కూడా మొక్కల నుంచే వచ్చిందండీ" అని ఎవరైనా అన్నా ఒప్పుకోవద్దు. మొక్కల నుంచి కొంత ముడిసరుకు తీసి పెట్ చేయడం కొత్తేమీ కాదు, కోకా కోలా 2009లోనే 30 శాతం దాకా అలాంటి ముడిసరుకుతో ప్లాంట్‌బాటిల్ తెచ్చింది. తయారయ్యాక అది కూడా పెట్ ప్లాస్టిక్కే, రీసైకిల్ చేయాలి తప్ప కుళ్ళదు.

ఇంకో చిన్న పరీక్ష. మూత ఊడదీసి నీళ్ళలో ముంచి వదలండి. మా మూతలు తేలాయి. పీఎల్‌ఏ నీటికంటే బరువు, మునగాలి. తేలిందంటే అది మామూలు మూత ప్లాస్టిక్కే. అంటే 7 నంబరు బాటిల్ మీద కూడా ఆ "100%" నిజం కాదు.

సర్టిఫికెట్ ఉందా అని మేము అడ్వాన్సు ఇచ్చేముందే అడిగాం. "పంపిస్తానండీ" అని పెళ్ళి హడావిడి దాకా లాగాడు. గొడవయ్యాక ఫోనుకి ఒక పీడీఎఫ్ పంపాడు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ముద్రతో ఉంది, చూడగానే నమ్మబుద్ధేస్తుంది. చదివితే అందులో ఉన్నది వేరే కంపెనీ పేరు, సరుకు క్యారీ బ్యాగులు. నీళ్ళ బాటిల్ ఊసే లేదు. మన దేశంలో కంపోస్టబుల్ ప్లాస్టిక్ అమ్మాలంటే ఐఎస్‌ఓ 17088 అనే ప్రమాణానికి సరిపోవాలి, కాలుష్య మండలి సర్టిఫికెట్ ఉండాలి. సర్టిఫికెట్ పొందినవాళ్ళ జాబితా మండలి వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. పేరు, సర్టిఫికెట్ నంబరు, సరుకు పేరు, మూడూ మీ చేతిలో ఉన్న బాటిల్‌కి కలవాలి. ఒక్కటి తేడా వచ్చినా ఆ కాగితం మీ సరుకుది కాదు.

"మూడు నెలల్లో మట్టిలో కలుస్తుంది" అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్తా. ఆ ప్రమాణంలో 12 వారాల్లో సరుకు ముక్కలైపోవాలన్న పరీక్ష ఉంది. కానీ అది పెద్ద కంపోస్టు ప్లాంటు పరిస్థితుల్లో, 58 డిగ్రీల దగ్గర వేడి, తేమ నిలకడగా ఉన్నప్పుడు. మీ పెరట్లో గుంట అంత వేడెక్కి అన్నాళ్ళు ఉండదు. అక్క వాళ్ళ పెరట్లో పేడా ఆకులూ వేసే ఎరువు గుంటలో వంగిన బాటిల్ ఒకటి కప్పెట్టాం. వానాకాలం పోయాక తవ్వితే మట్టి అంటుకుని అలాగే వచ్చింది. లేబుల్ కూడా చదవొచ్చు! కాలువలోనో రోడ్డు పక్కనో విసిరేసినా ఇంతే, పెళ్ళికొచ్చినవాళ్ళు "కరిగిపోతుందిలే" అని విసిరేయడం ఒక్కటే తేడా.

పాత సామాన్లు కొనే అతను వచ్చినప్పుడు నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. సంచి గుమ్మరించి, 1 నంబరువన్నీ ఏరి తూకం వేసుకున్నాడు. వంగినవి ముట్టుకోలేదు. "ఇవి కలిస్తే లోడు పాడవుతుందండీ, మాకు వద్దు" అన్నాడు. నిజమే, పెట్ కరిగించేచోట పీఎల్‌ఏ కలిస్తే సరుకు చెడుతుంది. చెత్త బండి అమ్మాయి కూడా వాటిని తడిచెత్తలో వేయనివ్వలేదు, చూస్తే ప్లాస్టిక్ లాగే ఉన్నాయిగా అంది. అంటే మోసపు సరుకే రీసైక్లింగ్‌కి పోయింది, డబ్బెక్కువ పోసి కొన్న అసలు సరుకుకి పోయే చోటు లేదు. మీ ఊళ్ళో ఇలాంటివి తీసుకునే కంపోస్టు ప్లాంటు ఉందా అని అడగండి. పేరూ ఊరూ చెప్పలేకపోతే ఆ అదనపు ధర దేనికిస్తున్నట్టు?

నీళ్ళ గురించి ఒక్క ముక్క. బాటిల్ ఎలాంటిదైనా లోపలి నీళ్ళు ఎక్కడో ప్లాంటులో నింపినవే. లేబుల్ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, నింపిన తేదీ చూడండి. ఐఎస్‌ఐ గుర్తు ఒకప్పుడు తప్పనిసరి, 2024 అక్టోబరులో ఆ నిబంధన తీసేశారు, కాబట్టి అది లేదని కంగారు పడక్కర్లేదు. లైసెన్సు నంబరు మాత్రం తప్పకుండా ఆ సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. మా బాటిల్ మీది నంబరు అసలైనదే, నీళ్ళతో పేచీ లేదు.

సప్లయర్ జవాబు ఊహించిందే. "ఎండలో పెట్టారు, మాకు సంబంధం లేదు." లేబుల్ మీద చిన్న అక్షరాల్లో "చల్లని, పొడి ప్రదేశంలో ఉంచండి" అని ఉందట. అన్ని నీళ్ళ బాటిళ్ళ మీదా ఆ మాటే ఉంటుంది, ఎన్ని డిగ్రీలు దాటకూడదో మాత్రం ఎక్కడా లేదు. మరి టార్పాలిన్ కప్పి మధ్యాహ్నం ఎండలో తెచ్చింది అతని ఆటోయే కదా అంటే మాట మార్చాడు. 1 నంబరు బాటిళ్ళ సంగతెత్తగానే "గోడౌన్‌లో కలిసిపోయాయి, బదులు కొత్త పెట్టెలు పంపిస్తా" అన్నాడు. పెళ్ళయిపోయాక నీళ్ళ పెట్టెలు ఏం చేసుకుంటాం?

1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాం. 2024 అక్టోబరులో వచ్చిన గ్రీన్‌వాషింగ్ (పర్యావరణానికి మంచిదని తప్పుడు ప్రచారం చేసుకోవడం) మార్గదర్శకాల ప్రకారం కంపోస్టబుల్ అని రాసుకున్నవాళ్ళు దానికి నమ్మదగిన ఆధారం చూపించాలి, ఆ మాట ఫిర్యాదులో రాయండి, బరువుంటుంది. ఫోన్ వెళ్ళాక 1 నంబరు పెట్టెల డబ్బు వెనక్కి వేశాడు. వంగినవాటి డబ్బు కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తున్నాం. 5 లక్షల లోపు కొనుగోలుకి అక్కడ ఫీజు ఉండదు.

ఇప్పటికే ఆర్డర్ ఇచ్చేసినవాళ్ళు కనీసం ఇవి చేయండి. శాంపిల్ బాటిల్ సీలు విప్పకుండా దాచండి. లోడు దిగగానే నాలుగైదు పెట్టెలు వేర్వేరు వరసల్లోంచి విప్పి అడుగు నంబర్లు శాంపిల్‌తో పోల్చండి, ఫోటోలు తీయండి, ఆ తర్వాతే మిగతా డబ్బు ఇవ్వండి. బిల్లు మీద "వాటర్ బాటిల్స్" అని ఊరుకోనివ్వకుండా "కంపోస్టబుల్, పీఎల్‌ఏ" అని రాయించుకోండి. మాకు డబ్బు వెనక్కి వచ్చిందంటే బిల్లు మీద ఆ రెండు మాటలు ఉండబట్టే.