కాగితం పూలా, రాధామనోహరమా? ముందు అది ఎలా ఎక్కుతుందో చూడండి

"గేటు మీదకు ఏ తీగ పెట్టమంటారు, కాగితం పూలా, రాధామనోహరమా?" తోట సంగతి ఎత్తితే చాలు, ఎక్కువమంది నన్ను అడిగేది ఇదే. రంగు, వాసన, ఎండ, నీళ్లు అన్నీ పోల్చుకునే వస్తారు. నేను మాత్రం ఒకటే అడుగుతాను: ఆ తీగకు మీరు ఇవ్వబోయే ఆసరా ఏమిటి? నున్నటి గోడా, లావుపాటి స్తంభమా, ఇనుప చువ్వలా, సన్న వైరు పందిరా? నా లెక్కలో ఎంపికంతా అక్కడే తేలిపోతుంది.

తీగలన్నీ ఒకేలా ఎక్కవు మరి. 1865లోనే చార్లెస్ డార్విన్ వాటిని పైకెక్కే తీరును బట్టి విడదీశాడు. శంఖుపుష్పం లాంటివి కాండంతోనే చుట్టుకుంటాయి. కృష్ణకమలం నులితీగలు చాచి పట్టుకుంటుంది. కొన్ని ముళ్లను కొక్కేల్లా తగిలించుకుని ఎగబాకుతాయి. కొన్ని కాండం నుంచి చిన్న చిన్న వేళ్లు వేసి గోడకే అతుక్కుంటాయి. శంఖుపుష్పం లేత కొసను కర్ర మీంచి మెల్లగా విప్పి, ఎదురు దిశలో చుట్టి చూడండి. ఆ తర్వాత పెరిగే కొస మళ్లీ తన దిశకే తిరిగిపోతుంది. మనం ఎటు చుట్టినా దాని దారి దానిదే.

ఈ లెక్కన చూస్తే కాగితం పూల మొక్క అసలు పట్టుకోవడం రాని తీగ. పొడవాటి కొమ్మలు, వాటికి ముళ్లు, అంతే. ఏదైనా అడ్డం దొరికితే దాని మీద వాలుతుంది, ముళ్లు తగులుకుంటే నిలుస్తుంది. నాకు ఈ సంగతి తెలియక ముందు కమాను పక్కన ఒకటి నాటి, అదే ఎక్కుతుందిలే అని వదిలేశాను. రెండేళ్లకు కమాను కప్పేసింది, చూడముచ్చటగా ఉండేది. ఒక రాత్రి గాలివానకు మొత్తం గుబురు కమాను మీంచి జారి దారికి అడ్డంగా పడింది. ఆ ముళ్ల కొమ్మలు కోసి తీయడానికి రోజంతా పట్టింది. పూలతో ఉన్న మొక్కను అలా నేలమట్టంగా నరకాల్సి వచ్చినందుకు ఇప్పటికీ బాధే.

ఇప్పుడు ప్రతి కొత్త కొమ్మనూ మూరకొక చోట మెత్తటి గుడ్డపీలికతో, కాస్త వదులుగా కడతాను. కొమ్మ లేతగా ఉన్నప్పుడే అడ్డంగా వంచి కడితే ఇంకో లాభం ఉంది. నిటారుగా పెరిగే కొస పక్క మొగ్గలను లేవనివ్వదు. అడ్డంగా వంచితే కణుపు కణుపుకూ పక్క కొమ్మలు లేస్తాయి, వాటన్నిటికీ రంగు వస్తుంది. ఆ రంగు నిజానికి ఆకులదే, పువ్వు మధ్యలో ఉండే చిన్న తెల్లటి గొట్టం. నీళ్లు ఎక్కువ పోసినా, ఆకు పెంచే ఎరువు వేసినా పచ్చగా పెరుగుతుందే తప్ప పూయదు. రోజుకు ఐదారు గంటలు నేరుగా ఎండ తగలాలి.

రాధామనోహరం అలా కాదు. లేత కొసలు ఆసరాను చుట్టుకుంటాయి. పైగా ఆకు రాలినా దాని తొడిమ మొదలు కాండానికే ఉండిపోయి, గట్టిపడి ముల్లులా మారుతుంది. పాత కాండం మీద వేలు పెట్టి చూడండి, తెలుస్తుంది. ఎక్కిన చోటు అంత తేలిగ్గా వదలదు. సాయంత్రం తెల్లగా విచ్చి, మర్నాటికి గులాబీ రంగులోకి, ఆపైన ఎరుపులోకి మారే ఆ గుత్తులు, చీకటి పడగానే వచ్చే ఆ వాసన! పూల గొట్టం పొడవు కాబట్టి అడుగున ఉన్న తేనె కోసం పొడవాటి నాలుక ఉన్న రాత్రి పురుగులు వస్తాయి. దీపం ఆర్పి కాసేపు పక్కన నిలబడితే అవి గాల్లో ఆగి తాగడం కనిపిస్తుంది.

దీనికీ లోపాలున్నాయి. ముదిరితే బాగా బరువెక్కుతుంది, కాబట్టి బలహీనమైన పందిరి వద్దు. వేళ్ల నుంచి పిలకలు దూరంగా లేస్తాయి, వాటిని ఎప్పటికప్పుడు తీసేయాలి. కుండీలో దీనికి సుఖం లేదు. కుండీయే గతి అంటే, లేదా నీళ్లు పోయడానికి మనిషి ఉండడంటే, కాగితం పూలే మేలు. గట్టి చువ్వల గేటూ, నేలలో చోటూ ఉన్నవాళ్లకు నేను రెండో ఆలోచన లేకుండా రాధామనోహరమే చెబుతాను.

మిగతావి టూకీగా. నీడ చోటుకు మనీ ప్లాంట్. ఒక్క సీజన్‌కు చాలనుకుంటే శంఖుపుష్పం, గింజలు రాత్రంతా నానబెట్టి వేయండి. పసుపు గంటల్లాంటి పూలు పూసే అల్లమండకు కూడా కట్లు తప్పవు. గోడకు అంటుకునే తీగ చూడటానికి అందమే కానీ, పీకినప్పుడు పెయింటూ పెచ్చులూ దాంతోనే ఊడివస్తాయి.

ఏది ఎంచుకున్నా ఆసరా ముందు, మొక్క తర్వాత. లావు స్తంభాన్ని లేత కొస చుట్టుకోలేదు, దాని వెంట తాడో వైరో నిలువుగా కట్టండి. గోడ మీద వైరు లాగితే గోడకు నాలుగు వేళ్ల ఎడం ఉంచండి, కొస వెనక్కు దూరి ముందుకు రావాలి కదా. గోడ మొదట్లో మట్టి తొందరగా ఆరిపోతుంది, అందుకని అడుగు దూరంలో గుంత తీసి, మొక్కను ఆసరా వైపు కొంచెం వాల్చి నాటి, ఆ రోజే మొదటి కట్టు వేసేయండి.