1-0-0 కాస్తా 0-0-1 అయింది: మా యాప్‌ని అరబిక్ యూజర్ల కోసం రీడిజైన్ చేయించిన సర్వీస్ రివ్యూ

మాది మందుల టైమ్ గుర్తుచేసే చిన్న యాప్. పొద్దున ఏ మాత్ర, రాత్రి ఏ మాత్ర, స్ట్రిప్‌లో ఇంకా ఎన్ని ఉన్నాయి, అంతే దాని పని. అరబిక్ మాట్లాడే దేశాల నుంచి డౌన్‌లోడ్లు బాగానే వస్తున్నా రెండు మూడు రోజులకే తీసేస్తున్నారు. అందుకని అక్కడి యూజర్లకు తగ్గట్టు యాప్‌ని మార్చిపెట్టే ఒక సర్వీస్‌ని పెట్టుకున్నాం. పేరు రాయను, కింద కొన్ని తిట్లు ఉన్నాయి. వాళ్ల ప్యాకేజీలో నాలుగు ముక్కలు: అనువాదం, కుడి నుంచి ఎడమకు లేఅవుట్, 'కల్చరల్ థీమ్', చివర్లో నలుగురు యూజర్లతో టెస్టింగ్. ఐదుకి మూడున్నర ఇస్తాను, అందులో రెండు ఆ టెస్టింగ్‌కే.

అనువాదం చేసినావిడ గట్టి మనిషి. '5 మాత్రలు మిగిలాయి' అని వచ్చే చోట మేం ఏకవచనానికొకటి, బహువచనానికొకటి రెండు లైన్లు పంపితే, ఆవిడ ఆరు చేసి తిప్పి పంపింది. పొరపాటున కాపీ పడిందేమో అనుకున్నాం. కాదట. అరబిక్‌లో ఒక మాత్ర హబ్బ, రెండైతే హబ్బతాన్, మూడు నుంచి పది దాకా హబ్బాత్, పదకొండు నుంచి తొంభై తొమ్మిది దాకా మళ్లీ ఏకవచనమే, సున్నాకొకటి, వంద లాంటివాటికొకటి విడిగా. అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్ ప్రమాణాలు పెట్టే యూనికోడ్ వాళ్ల సీఎల్‌డీఆర్ పట్టికలో (ఏ భాషలో అంకెలు, తేదీలు, వచనాలు ఎలా రాయాలో చెప్పేది) కూడా అరబిక్‌కి ఆరు వర్గాలు ఉన్నాయి, మేమే ఎప్పుడూ తెరిచి చూడలేదు. ఇంకోటి, 'వేసుకో' అనాలంటే మగవాళ్లకి ఖుద్, ఆడవాళ్లకి ఖుదీ. మా యాప్ ఎవరినీ ఆడా మగా అని అడగదు. తెలుగులో 'వేసుకోండి' అనేస్తే గొడవ వదిలిపోతుంది, అక్కడ అలా కుదరదు కాబట్టి ఆవిడ క్రియాపదమే లేకుండా 'మందు వేళ' అనే అర్థం వచ్చేలా బటన్లన్నీ తిరగరాసింది. ఈ భాగానికి వంక పెట్టను.

లేఅవుట్ దగ్గర మొదలైంది అసలు తలనొప్పి. స్క్రీన్ మొత్తాన్ని అద్దంలో చూపించినట్టు తిప్పడం ఇప్పుడు పెద్ద విద్యేమీ కాదు, ఆండ్రాయిడ్‌లో 2012లో వచ్చిన 4.2 నుంచే ఆ సదుపాయం ఉంది, కోడ్‌లో లెఫ్ట్, రైట్ అని కాకుండా స్టార్ట్, ఎండ్ అని రాసుకుంటే చాలావరకు అదే తిరుగుతుంది. సర్వీస్ వాళ్లు మొదటి బిల్డ్‌లో, అంటే తయారుచేసి పంపిన మొదటి యాప్ కాపీలో, ఉన్నవన్నీ తిప్పేశారు. వెనక్కి వెళ్లే బాణం తిరగాల్సిందే, అది తిప్పారు, బాగుంది. దాంతోపాటు గడియారం బొమ్మనీ తిప్పారు, టిక్ మార్కునీ తిప్పారు! కుడి నుంచి ఎడమకు చదివేవాళ్లకి గడియారం ముల్లు వెనక్కి తిరగదు కదండీ. మందుల టైమ్ చెప్పే యాప్‌లో మూడు గంటలు చూపించాల్సిన ముల్లు తొమ్మిది మీద ఉంది. ఇంకా, మా హెడ్డింగుల్లో అక్షరాల మధ్య కాస్త ఎడం పెట్టే స్టైల్ ఉంటుంది, దాన్ని అలాగే ఉంచేశారు. అరబిక్‌లో అక్షరాలు ఒకదానికొకటి కలిసి నడవాలి, ఎడం పెడితే మాట తెగి ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. ఈ పని చేసేవాళ్లకి ఇది మొదటి రోజే తెలిసి ఉండాలి.

డబ్బు కట్టే ముందు మీరే ఒక పని చేసి చూసుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్లో డెవలపర్ ఆప్షన్స్‌కి వెళ్తే లేఅవుట్‌ని బలవంతంగా కుడి నుంచి ఎడమకు తిప్పే స్విచ్ ఒకటి ఉంటుంది. అది ఆన్ చేసి మీ యాప్ మొత్తం ఒక చుట్టు తిరగండి. విరిగేవాటిలో సగం అక్కడే కనిపిస్తాయి. మేం ఆ పని తర్వాత చేశాం.

ఇక టైటిల్లో రాసిన సంగతి. మా యాప్‌లో మోతాదుని 1-0-0 అని చూపిస్తాం, అంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి లేదు. అరబిక్ బిల్డ్‌లో మందు వివరాల పేజీ తెరిస్తే 0-0-1 అని ఉంది. డేటాబేస్‌లో చూస్తే 1-0-0 గానే ఉంది. లిస్ట్ పేజీలో కూడా 1-0-0 గానే కనిపిస్తోంది! ఒకే యాప్, ఒకే మందు, ఒక పేజీలో పొద్దున, ఇంకో పేజీలో రాత్రి. టెన్షన్‌తో చెమటలు పట్టాయంటే నమ్మండి. కారణం తర్వాత అర్థమైంది: అంకెల ముందు అరబిక్ మాట ఉంటే యూనికోడ్ నియమాల ప్రకారం ఆ హైఫన్లు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, అంకెలు ఒంటరిగా ఉంటే ఎడమ నుంచి కుడికే నడుస్తాయి. వివరాల పేజీలో ముందు 'మోతాదు' అన్న మాట ఉంది, లిస్ట్‌లో లేదు. సర్వీస్ వాళ్ల డెవలపర్ దీనికి మందు చెప్పాడు, 2013లో యూనికోడ్ 6.3తో వచ్చిన, కంటికి కనపడని ఐసొలేట్ గుర్తులు (పక్క మాటల దిశ అంకెల మీద పడకుండా ఆపేవి) అంకెలకి అటూ ఇటూ పెడితే రెండు పేజీల్లోనూ ఒకేలా వస్తుంది. వచ్చింది కూడా. కానీ టెస్టింగ్‌లో ఒక పెద్దాయన దాన్ని చూసి 'ఇందులో పొద్దున ఎటువైపు?' అని అడిగాడు. అంతే, ఆ గీతల పద్ధతే ఎత్తేశాం. ఇప్పుడు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని మూడు వరుసలు ఒకదాని కింద ఒకటి, పక్కన అంకె. నిజానికి ఏ భాషలో అయినా అదే తేలిక, మాకు ఇన్నాళ్లూ తట్టలేదు.

అంకెల్లో ఇంకో చిక్కు ఉంది. ఈజిప్టులో వాడే అంకెల రూపం వేరు, మొరాకోలో అయితే మనం వాడే 1, 2, 3లే. అరబిక్ అనగానే ఒకే సెట్ పెట్టేస్తే కుదరదు. ఆ వేరే రూపంలో ఐదు చూడటానికి మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది, సున్నా ఏమో చిన్న చుక్క. మా పాత డిజైన్‌లోని బుల్లి అక్షరాల్లో 50 అన్నది ఒక గుండ్రం, పక్కన మచ్చ! సర్వీస్ వాళ్లు అక్షరం సైజు పెంచి, ఫోన్ ప్రాంతాన్ని బట్టి అంకెలు మారేలా చేశారు. వారం మొదలు కూడా అలాగే, మా కోడ్‌లో సోమవారం అని గట్టిగా రాసిపెట్టి ఉంది. సౌదీలో సెలవులు శుక్ర, శనివారాలు, ఎమిరేట్స్‌లో 2022 నుంచి శని, ఆదివారాలు. 'పనిరోజుల్లో మాత్రమే గుర్తుచేయి' అన్న ఆప్షన్ పెట్టుకున్నవాళ్ల పరిస్థితి ఊహించుకోండి.

థీమ్ గురించి ఎక్కువ రాయను. ఆకుపచ్చ, బంగారు రంగు, గుమ్మటాలు, లాంతర్లు. టెస్టింగ్‌లో ఒకామె చూడగానే 'ఇది పండగ గ్రీటింగ్ కార్డా?' అని నవ్వింది. తీసేశాం. ఆ డబ్బు దండగ.

టెస్టింగ్ మాత్రం వేరే స్థాయి. నలుగురూ తమ ఇంట్లో, తమ ఫోన్లో యాప్ వాడుతుంటే స్క్రీన్ రికార్డింగ్, పక్కన వాళ్ల మాటలకి అనువాదం. నడిపించినాయన మధ్యలో దూరి 'ఇక్కడ నొక్కండి' అని ఒక్కసారి కూడా అనలేదు, ఎంత తడబడినా ఆగి చూశాడు. ఆ రికార్డింగుల్లో ఒకామె మధ్యాహ్నం రెండింటి రిమైండర్ పెడుతూ ఆగిపోయి అడిగింది, రంజాన్ నెలలో దీన్నేం చెయ్యాలి అని. తెల్లవారుజాము నుంచి సూర్యాస్తమయం దాకా ఉపవాసం, మధ్యలో మాత్ర వేసుకోరు. పైగా ఆ నెల మన క్యాలెండర్‌లో ప్రతి ఏడాదీ దాదాపు 11 రోజులు ముందే వచ్చేస్తుంది, సూర్యాస్తమయం వేళ ఊరికో రకం. సర్వీస్ వాళ్లు రంజాన్ కోసం ఇచ్చిందేమిటంటే, ఆ నెలలో హోమ్ పేజీ మీద నెలవంక బొమ్మ. టైముల సంగతి అడిగితే 'అది డిజైన్ పరిధిలోకి రాదు' అని మెయిల్! డిజైన్ అంటే మరేంటో నాకు తెలీదు. చివరికి మేమే రాసుకున్నాం: ఆ నెల దగ్గరపడగానే యాప్ పగటి రిమైండర్లన్నీ ఒక జాబితాగా చూపించి, డాక్టర్‌ని అడిగి కొత్త టైములు పెట్టుకోమంటుంది. తనంతట తాను దేన్నీ జరపదు, మందుల్లో ఆ తెలివి చూపించకూడదు. నెలాఖరున పాత టైములు వెనక్కి తెచ్చుకోవాలా అని మళ్లీ అడుగుతుంది.

మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్తాను, కాకపోతే అనువాదం, టెస్టింగ్ రెండే తీసుకుంటాను, అదీ టెస్టింగ్ ముందు పెట్టమని పట్టుబట్టి. ప్యాకేజీ విడదీయం అని మొదట అంటారు, రెండుసార్లు అడిగితే ఒప్పుకుంటారు. ఆ రికార్డింగులు వాళ్ల సర్వర్‌లో నెల రోజులే ఉంటాయి, వచ్చిన రోజే దించుకోండి, మాకు ఒకటి అలాగే పోయింది.