తాత రేడియోనా, ఎఫ్‌టీ-101నా, బిట్ఎక్సా: చెయ్యి తిరగాలంటే ఏది మేలు?

పోయిన నెల కావలి నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఇంజనీరింగ్ అయిపోయింది, సరదాకి రేడియోలో మాట్లాడుకునే హ్యాముల పరీక్ష రాసి, గాల్లో పేరుగా వాడుకునే వీయూ3 కాల్‌సైన్ తెచ్చుకున్నాడు. కూర్చోగానే ఫోను తీసి మూడు ఫొటోలు చూపించాడు. ఒకటి వాళ్ల తాత ఇంట్లో అటక మీదున్న ఫిలిప్స్ వాల్వు రేడియో. రెండోది చెన్నైలో ఎవరో అమ్మకానికి పెట్టిన పాత హ్యామ్ సెట్టు, యాయేసు ఎఫ్‌టీ-101. మూడోది మైక్రో బిట్ఎక్స్ అనే చిన్న హ్యామ్ సెట్టు.

"పాత సెట్లు బాగుచేసే పని నేర్చుకోవాలన్నా. నాలుగు రోజుల ముచ్చట కాదు, ముసలోణ్ణయ్యేదాకా చేసుకోవాల. ఈ మూడింట్లో ఏది మేలు?"

"దేనికి మేలు? నీ నోటికా, నీ చేతికా?" అన్నాను. వాడు బిత్తరపోయాడు.

నెల్లూరులో ముప్పై ఏళ్లు రేడియోలు, టీవీలు విప్పినవాణ్ణి. గాల్లో నలుగురితో మాట్లాడటానికి పనికొచ్చే సెట్టు వేరు, చెయ్యి తిరగడానికి పనికొచ్చే సెట్టు వేరు. ఈ తేడా తెలియక మొదటి సెట్టుతోనే విసిగిపోయి, దాన్ని మళ్లీ అటకెక్కించిన వాళ్లను చాలామందిని చూశాను.

ముందు ఎఫ్‌టీ-101 సంగతి, ఎందుకంటే వాడి మనసంతా దాని మీదే ఉంది. మనసు పడాల్సిన సెట్టే. 1970ల జపాన్ సరుకు. లోపల దాదాపు అంతా ట్రాన్సిస్టర్లు, పంపించే చివర మాత్రం మూడు వాల్వులు: ఒక డ్రైవరు, దాని వెనక జంటగా రెండు 6జేఎస్6సీలు. ప్లేట్ నాబ్ తిప్పుతుంటే మీటరు ముల్లు ఒక్కచోట కిందికి దిగుతుంది చూడండి, ఆ సుఖం కొత్త సెట్లలో లేదు. గొంతు కూడా నిండుగా పోతుంది.

చిక్కంతా ఆ రెండు వాల్వులతోనే. అవి అసలు టీవీల్లో లైన్ ఔట్‌పుట్ కోసం, అంటే తెర మీద గీతలు గీయించే పని కోసం చేసినవి. వాల్వు టీవీలు పోయాయి, ఆ వాల్వుల తయారీ కూడా పోయింది. ఉన్న పాత నిల్వలే చేతులు మారుతున్నాయి. నేనొకసారి పోస్టులో ఒక జత తెప్పించాను. కొత్త అట్టపెట్టె, లోపల చక్కగా దూది. తీసి వెలుతురుకు పెడితే, ఒకదాని నెత్తిన వెండిలా మెరవాల్సిన పూత సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. గాలి చొరబడిందన్నమాట. హీటరు, అంటే వాల్వు లోపల వేడెక్కే తీగ, వెలిగించి చూడాల్సిన పని కూడా లేదు. అమ్మినవాడికి ఫోను చేస్తే "వెళ్లేటప్పుడు బాగానే ఉందండీ" అన్నాడు. సరిపోయింది.

రెండో చిక్కు మన గాలి. ఎఫ్‌టీ-101లో బోర్డులు సాకెట్లలో గుచ్చి ఉంటాయి. మన తీరం ఉప్పుగాలికి ఆ అంచుల మీద మసి పడుతుంది. సెట్టు ఒకరోజు పనిచేస్తుంది, మర్నాడు చెయ్యదు, పక్కన గట్టిగా తడితే మళ్లీ చేస్తుంది. చూసినవాడు ట్రాన్సిస్టరు పోయిందనుకుంటాడు, పది భాగాలు మారుస్తాడు. నిజానికి కావలసింది బోర్డు బయటికి లాగి, ఆ అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, స్పిరిట్‌తో తుడవడం. ఇది తెలిసినవాడికి అయిదు నిమిషాల పని. తెలియనివాడికి ఆర్నెల్ల శని.

ఇక దాని లోపల వాల్వుల మీద 600 వోల్టులుంటాయి. స్విచ్చి ఆపినా కండెన్సర్లలో ఆ కరెంటు కొంతసేపు కూర్చునే ఉంటుంది. రెండు చేతుల మధ్య కరెంటు గుండెలోంచి పోకుండా, ఎడం చెయ్యి జేబులో పెట్టుకుని కుడిచేత్తో మాత్రమే పనిచేసే అలవాటు ఒంటికి పట్టనివాడికి ఈ సెట్టు అప్పగించను. ఎంత చదువున్నా సరే.

బిట్ఎక్స్ దీనికి పూర్తిగా అవతలి ఒడ్డు. హైదరాబాద్ హ్యామ్ అష్హర్ ఫర్హాన్ 2003లో వేసిన డిజైన్ అది. చేతికందే చవక సామాన్లతో, ఇరవై మీటర్ల బ్యాండు మీద, ఆరేడు వాట్లతో మాట్లాడే సెట్టు. కాయిల్ చుట్టే ఫెర్రైట్ రింగులు దొరక్కపోతే నీళ్ల కుళాయి వాషర్ల మీద తీగ చుట్టుకోవచ్చన్నాడాయన. నాకు ఆ మాట దగ్గరే ఆయన నచ్చాడు. దీన్ని పాత సెట్టు అనలేం, కానీ ఇరవై ఏళ్లు దాటింది, మెల్లగా ఆ వరసలోకే వస్తోంది.

అయితే మా వాడు చూపించింది అది కాదు, 2017లో వచ్చిన మైక్రో బిట్ఎక్స్. బోర్డు మొత్తం కట్టేసే వస్తుంది. నాబులు, స్పీకరు, మైకు తగిలించుకోవడమే మన వంతు. పన్నెండు వోల్టుల బ్యాటరీ ఉంటే చాలు. 1989 నవంబర్లో తుపాను కావలి దగ్గరే తీరం దాటింది. ఆ ఊరివాడికి కరెంటు లేని రోజుల గురించి నేను చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు బైకు బ్యాటరీతో మాట్లాడగలిగే సెట్టు ఒకటి ఇంట్లో ఉండాల్సిందే. దాంతో మాట్లాడటం వస్తుంది, చేతిపని రాదు. ఆవగింజంత చిప్పులో ఏదన్నా పోతే బోర్డు మార్చడమే దిక్కు.

మిగిలింది తాత రేడియో. ఈ మూడింట్లో దానికే వాడు తక్కువ విలువ కట్టాడు. "అది హ్యామ్ సెట్టు కాదు గదన్నా" అన్నాడు.

"వాల్వుల మీద నంబర్లు చదువు" అన్నాను. ఫొటో పెద్దది చేసి చదివాడు: ఈసీహెచ్81, ఈబీఎఫ్89... "సరే, పనికొస్తుంది."

ఎందుకంటే ఆ మొదటి అక్షరమే సగం జాతకం చెబుతుంది. 'ఈ'తో మొదలైతే హీటరు 6.3 వోల్టులది, సాధారణంగా లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. 'యూ'తో మొదలైతే హీటర్లన్నీ దండలా ఒకదాని వెనక ఒకటి నేరుగా మెయిన్స్ మీద ఉంటాయి. అలాంటి సెట్లో ప్లగ్గు తిరగబడితే ఇనప చాసిస్, అంటే లోపలి చట్రం, మొత్తం 230 వోల్టులు. నాబు ఊడిన కడ్డీని ముట్టుకున్నా కొడుతుంది. నేర్చుకునేవాడు వాటి జోలికి పోకూడదు.

అటక మీద నుంచి దించిన సెట్టుని నేరుగా ప్లగ్గులో పెట్టడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. వంద వాట్ల మామూలు బల్బుని సీరీస్‌లో పెట్టి ఇవ్వాలి. బల్బు ఒక్కసారి వెలిగి, మెల్లగా డిమ్మయితే సెట్టు కరెంటుని సరిగ్గానే తీసుకుంటోంది. అలాగే భగ్గుమని వెలుగుతూ ఉండిపోతే లోపల ఎక్కడో షార్టు. భారమంతా బల్బే మోస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ మిగులుతుంది.

తర్వాత కండెన్సర్లు. పాత సెట్లో మైనం పూసిన కాగితం కండెన్సర్లు ఎన్నుంటే అన్నీ చచ్చినట్టే లెక్క. చెమ్మ పీల్చి లీకవుతాయి. వాటిలో ఒకటి మాత్రం హంతకి: స్పీకరుని నడిపే ఔట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కి, అంటే వాల్వుని అదుపు చేసే లోపలి జాలీకి, ముందు ఉండేది. అది లీకైతే గ్రిడ్ మీదికి ప్లస్ వోల్టేజి ఎక్కుతుంది, వాల్వు కరెంటు తెగ తాగుతుంది, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోతుంది. అంత చిన్న ముక్క వల్ల. అందుకే మీటరు పెట్టి ఆ గ్రిడ్ దగ్గర చూడమంటాను. సున్నా దగ్గరుండాలి. రెండు మూడు వోల్టులు ప్లస్ కనిపించిందా, ఆ కండెన్సర్ తీసి 630 వోల్టుల పాలియెస్టర్‌ది వెయ్యి.

పక్కనే గోధుమరంగు బిళ్లల్లా మైకా కండెన్సర్లుంటాయి. వాటిని ముట్టుకోవద్దు. అభ్రకం చెమ్మ తాగదు, అరవై ఏళ్లకీ విలువ మారదు. మన గూడూరు, సైదాపురం గనుల్లో తవ్విన రాయి ఏం పనికొచ్చేదని అడిగే పిల్లలకి నేను చూపించేది ఈ బిళ్లనే. ఐఎఫ్ డబ్బాల్లోవి, అంటే స్టేషన్ సిగ్నల్‌ని సెట్టు లోపల మార్చుకునే మధ్య ఫ్రీక్వెన్సీ కాయిళ్ల దగ్గరవి, మాత్రం అప్పుడప్పుడు మోసం చేస్తాయి. వెండి పూత పాకి, చిటపటమని చప్పుడొస్తుంది. అది వినపడితేనే డబ్బా విప్పాలి.

పాత కండెన్సర్ గొట్టం ఖాళీ చేసి, కొత్తది లోపల దాచి, మళ్లీ మైనం పోసే ఓపికస్తులున్నారు. ప్రదర్శనకి పెట్టే సెట్టయితే అందం. సొంత సెట్టుకి అనవసరం. కొత్తవే వేసి, మార్చిన తేదీ చాసిస్ మీద పెన్సిల్‌తో రాసుకుంటే రేపు విప్పేవాడికి పుణ్యం. గుండెకాయ పీకేసి డబ్బాలో బ్లూటూత్ బోర్డు పెట్టేవాళ్ల గురించి మాట్లాడకపోవడమే నా ఆరోగ్యానికి మంచిది.

ఇంతా చేశాక అది హ్యామ్ సెట్టు కూడా అవుతుంది, వినడానికి. షార్ట్‌వేవ్‌లో 7 మెగాహెర్ట్‌జ్ దగ్గర మన హ్యాములు మాట్లాడుకుంటుంటే బాతులు అరిచినట్టు వినిపిస్తుంది. ఆ సెట్టు ఐఎఫ్ ఎంతో, అంటే 455 కిలోహెర్ట్‌జ్ చుట్టుపక్కల, ఆ ఫ్రీక్వెన్సీకి ఒక చిన్న ఆసిలేటర్ (తరంగం పుట్టించే సర్క్యూట్) కట్టి పక్కన పెట్టి, మెల్లగా తిప్పితే బాతు అరుపులోంచి మనిషి గొంతు బయటికొస్తుంది. హ్యాములు గొంతు పంపే ఈ పద్ధతి పేరు సైడ్‌బ్యాండ్. అదంటే ఏమిటో పుస్తకం నాకు చెప్పలేదు. ఆ క్షణంలోనే అర్థమైంది.

అందుకే నా తీర్పు ఇది: చేతికి తాత రేడియో, నోటికి మైక్రో బిట్ఎక్స్. రెండూ ఒకేసారి పెట్టుకున్నా నష్టం లేదు. ఎఫ్‌టీ-101 రెండేళ్లు ఆగాలి. అప్పటికీ ఆ మోజు పోకపోతే, కెన్‌వుడ్ టీఎస్-520 వెతకమని చెప్పాను. అందులోవి ఎస్2001ఏ వాల్వులు. వాటి స్థానంలో 6146బీలు వేసి, న్యూట్రలైజేషన్, అంటే వాల్వు తనంతట తానే కూయకుండా ఆపే సర్దుబాటు, మళ్లీ సరిచేసుకోవచ్చు. 6146 టీవీ వాల్వు కాదు, ట్రాన్స్‌మిటర్ల కోసమే చేసింది, ఇంకా దొరుకుతోంది.

వాడికి పూర్తిగా నచ్చలేదు, ముఖంలో తెలుస్తూనే ఉంది. వెళ్లేటప్పుడు మాత్రం నా దగ్గరున్న బల్బు హోల్డరు, రెండు గజాల వైరు అడిగి తీసుకెళ్లాడు.

మొన్న రాత్రి తొమ్మిదిన్నరకి ఫోను. "అన్నా, బల్బు భగ్గుమని వెలిగి, ఇప్పుడు ఎర్రగా సన్నగా ఉండాది. మంచిదా చెడ్డదా?"

"మంచిదే. ఎడం చెయ్యి యాడుంది?"

కాసేపు చప్పుడు లేదు. "ఇప్పుడు జేబులో పెట్టినా" అన్నాడు.