ఒకే లినక్స్‌లో పలు డిస్ట్రోల ప్యాకేజీలు: ఏది మేలు?

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో ఉంటూ ఉద్యోగం చేసుకుంటున్న మన తెలుగువారిలో చాలామందికి ల్యాప్‌టాప్ ఒక్కటే. అందులో లినక్స్ డిస్ట్రోల్లో (వేర్వేరు బృందాలు తయారుచేసే లినక్స్ రూపాల్లో) ఒకటైన డెబియన్ స్థిరత్వమూ కావాలి, మరొకటైన ఆర్చ్‌లో వచ్చే కొత్త వెర్షన్లూ కావాలి.

అందరికీ ముందు తోచేది డెబియన్ రిపోల (ప్యాకేజీలు దిగుమతయ్యే భండారాల) జాబితాలో మరో డిస్ట్రో అయిన ఉబుంటు రిపోను చేర్చడం. రెండూ డెబ్ ప్యాకేజీలే వాడినా లోపలి లైబ్రరీలు (ప్రోగ్రాంలు పంచుకునే కోడ్) ఒకటి కావు. దాదాపు ప్రతి ప్రోగ్రాం ఆధారపడే జీలిబ్‌సీ అనే లైబ్రరీ డెబియన్ 12లో 2.36 ఉంటే ఉబుంటు 24.04లో 2.39 ఉంది. ఉబుంటులో కట్టిన ప్రోగ్రాం కొత్త జీలిబ్‌సీని అడిగితే, ప్యాకేజీలు వేసే పనిముట్టు ఆప్ట్, మొత్తం వ్యవస్థకు ఆధారమైన ఆ లైబ్రరీనే మార్చేస్తుంది. ఆ తర్వాత వెనక్కు రావడం చాలా కష్టం. డెబియన్ వారే దీన్ని ‘ఫ్రాంకెన్‌డెబియన్’ అని పిలిచి వద్దంటున్నారు. పిన్నింగ్ (ఏ ప్యాకేజీ ఏ రిపో నుంచి రావాలో ప్రాధాన్యం నిర్ణయించడం) ప్రమాదాన్ని తగ్గిస్తుందే తప్ప తొలగించదు. కావలసింది ఒకటి రెండు కొత్త ప్యాకేజీలే అయితే, డెబియన్ స్థిర విడుదలైన స్టేబుల్ లైబ్రరీలకు సరిపడేలా కొత్త వెర్షన్లను కట్టి ఉంచే బ్యాక్‌పోర్ట్స్ రిపోలో ముందు వెతకాలి.

రెండో దారి, పలు డిస్ట్రోలను ఒకే వ్యవస్థలో కలిపే బెడ్‌రాక్ లినక్స్, నిజంగా మెచ్చుకోదగిన పని. ఒక్కో డిస్ట్రో ఫైళ్లను వేరువేరు డైరెక్టరీల్లో ఉంచి, ఏ ప్రోగ్రాంకు దాని లైబ్రరీలే కనిపించేలా చేస్తూ, కమాండ్లను మాత్రం అన్నిటికీ అందుబాటులో ఉంచుతుంది. ఇనిట్ (యంత్రం మొదలవగానే మిగతావన్నీ నడిపే ప్రోగ్రాం) ఒక డిస్ట్రోది, కెర్నల్ (హార్డ్‌వేర్‌ను నడిపే లినక్స్ మూలభాగం) మరొకదానిది అయినా నడుస్తుంది. అయితే అది ఉన్న వ్యవస్థనే తనదిగా మార్చుకుంటుంది, తీసేసే మార్గం ఇవ్వదు. జీతం తెచ్చే యంత్రంపై దాన్ని వేయమని నేను చెప్పలేను. అదనపు యంత్రం ఉన్నవారు తప్పక చూడాలి.

ఏ డిస్ట్రోపైనైనా విడిగా వేసుకోగల ప్యాకేజీ మేనేజర్ నిక్స్ కమాండ్‌లైన్ పనిముట్లకు చక్కగా సరిపోతుంది, కానీ దాని భాష నేర్చుకోవాలి.

రోజువారీ పనికి నా ఓటు డిస్ట్రోబాక్స్‌కే. అది పాడ్‌మన్ లేదా డాకర్ అనే పనిముట్లు నడిపే కంటైనర్‌లో (మిగతా వ్యవస్థ నుంచి వేరుచేసిన అరలో) ఆర్చ్‌నో, ఫెడోరా అనే మరో డిస్ట్రోనో నడిపి, మన హోమ్ ఫోల్డర్, తెర, శబ్దం అన్నీ దానికి అందిస్తుంది. లోపలి అప్లికేషన్‌ను ఎక్స్‌పోర్ట్ చేస్తే మన మెనూలోనే కనిపిస్తుంది. చెడిపోతే ఆ కంటైనర్‌ను తీసేయవచ్చు, డెబియన్ ప్యాకేజీలకు ఏమీ కాదు. హోమ్ ఉమ్మడి కనుక ఒకే ప్రోగ్రాం రెండు వెర్షన్లు ఒకే సెట్టింగుల ఫైలును రాస్తే చిక్కే. అందుకే కంటైనర్ తయారుచేసేటప్పుడే వేరే హోమ్ ఇవ్వడం మంచిది. నమ్మకంలేని ప్రోగ్రాంలకు ఇది రక్షణ కాదు. కెర్నల్ మాత్రం డెబియన్‌దే, కాబట్టి కొత్త వైఫై చిప్‌కు డ్రైవర్ కావాలంటే బ్యాక్‌పోర్ట్స్ కెర్నల్‌నే వేసుకోవాలి.